ఎర్ర సిరాతో రాసిన రోజు

సీతమ్మలంక హైస్కూల్లో హెడ్మాస్టరు విశ్వపతి గారి చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కలాలు ఉండేవి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. మానే ముందో మర్నాడో సెలవు చీటీ రాసి, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం పెట్టించి, ఆయన చేత సరే అనిపించుకున్న వాళ్ల పేరు ముందు నీలం గీత పడేది. చెప్పాపెట్టకుండా మానిన వాళ్లకి ఎర్ర గీత. హాజరు పట్టీలన్నీ తెరల మీదికి ఎక్కిపోయి ఏళ్లు గడిచినా ఆయన ముందు పుస్తకంలో గీసి, తర్వాతే తెర మీద వేలు పెట్టేవారు. వేలు ఏ తప్పయినా చేసేస్తుంది, కలం పట్టుకుంటే చెయ్యి ఒకసారి ఆలోచిస్తుంది అని ఆయన వాదన. ఈ వాదన విని విని స్టాఫ్ రూములో అందరికీ నోటికొచ్చేసింది.

ఆ బడికి గిన్నె వచ్చి అప్పటికి ఏడు నెలలైంది. సర్కారు కాగితాల్లో దాని పేరు పూరకం. చూడ్డానికి బోర్లించిన రాగి గిన్నెలా ఉంటుంది కాబట్టి పిల్లలు గిన్నె అన్నారు, నాలుగు రోజులు సరిదిద్దబోయి చివరికి హెడ్మాస్టరు కూడా గిన్నె అనేశారు. ప్రతి క్లాసులో రోజుకొకరు నుదుటికి సన్నటి పట్టీ కట్టుకుని కూర్చునేవారు. వాళ్లు విన్నదీ, చూసిందీ, అర్థం చేసుకున్నదీ సాయంత్రానికి ఒక పెట్టెలోకి చేరేది. ఆ రోజు రాని పిల్ల తర్వాత లాబ్‌లో కూర్చుని గిన్నె పెట్టించుకుంటే, నలభై నిమిషాల్లో ఆ రోజు బడి మొత్తం తలలోకి దిగిపోయేది. బీజగణితం దిగేది, తెలుగు పద్యం దిగేది, పట్టీ కట్టుకున్నవాళ్ల ఆకలి కూడా దిగేది. ఒకసారి పట్టీ కట్టుకున్న అమ్మాయికి కొత్త చెప్పు కరిచింది. ఆ వారం గిన్నె పెట్టించుకున్న ముగ్గురూ ఏ దెబ్బా లేకుండానే రెండు రోజులు కుంటుకుంటూ నడిచారు.

దానికి నిబంధనలు రెండే. అనుమతి తీసుకుని మానిన రోజుకి గిన్నె తప్పనిసరి. మూడు పనిదినాల్లోగా పెట్టి తీరాలి, ఏ బిడ్డా వెనకబడకూడదు. అనుమతి లేకుండా మానిన రోజుకి మాత్రం గిన్నె పెట్టకూడదు, బలాదూరు తిరిగేవాళ్లకి ఊతమిచ్చి పాడుచేయకూడదు. ఈ రెండో నిబంధన చదివి విశ్వపతి గారు తెగ మురిసిపోయారు. తన రెండు సిరాల మర్మం పైవాళ్లకి ఇన్నాళ్లకి తలకెక్కిందని ఇంటికెళ్లి భార్యతో చెప్పుకున్నారు.

గిన్నెని కనిపెట్టిన అహల్య ఎవరో కాదు, ఆయన శిష్యురాలే. ఏడో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చి నలభై మూడు రోజులు మంచంలో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి క్లాసు భిన్నాలు దాటేసి ఎక్కడికో వెళ్లిపోయింది. బోర్డు వంక చూస్తూ బొటబొటా కన్నీళ్లు కార్చిన ఆ పిల్లని, అప్పట్లో లెక్కల మేస్టారుగా ఉన్న విశ్వపతి గారు అన్నాల గంటలో పక్కన కూర్చోబెట్టుకుని నెల్లాళ్లు పాఠం చెప్పారు. ఆ పిల్ల పెద్దదై, మెదడు మీద పరిశోధన చేసి, పదేళ్లు తలబద్దలు కొట్టుకుని గిన్నె తయారుచేసింది. మొదటి ప్రయోగానికి ఏ బడి కావాలని పైవాళ్లు అడిగితే మరోమాట లేకుండా సీతమ్మలంక పేరు చెప్పింది. ఇక మీరు అన్నం చల్లారబెట్టుకుని పాఠం చెప్పక్కర్లేదు మేస్టారూ అని ఆమె అన్న మాటని ఆయన ఊళ్లో కనీసం వందమందికి చెప్పుకుని ఉంటారు. ప్రతి శుక్రవారం ఆమె పట్నం నుంచి వచ్చి పెట్టెలో లెక్కలు చూసుకుని వెళ్లేది.

ఒక గురువారం ఉదయం ఏడో తరగతి రూతు వచ్చి బల్ల మీద సెలవు చీటీ పెట్టింది. ముందు రోజు ఆ పిల్ల బడికి రాలేదు.

విశ్వపతి గారు ముప్పై ఏళ్లలో చదివిన సెలవు చీటీలన్నీ నిజానికి ఒక్కటే చీటీ. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, నాకు జ్వరం వచ్చినందున అని మొదలై, ఇట్లు తమ విధేయుడు అని ముగుస్తుంది. మూడో తరగతిలో పంతులమ్మ నేర్పే నమూనా చీటీలో జ్వరమే ఉంటుంది మరి. పిల్లలు అది బట్టీపట్టి, బడి వదిలే దాకా అదే రాస్తారు. రూతు చీటీ మాత్రం అలా లేదు.

"మా అమ్మ నాలుగేళ్లకి కువైట్ నుంచి వచ్చింది. గురువారం తెల్లారేసరికి వెళ్లిపోతుంది. బుధవారం అమ్మ దగ్గర ఉండటానికి బడి మానేశాను. అనుమతి ఇవ్వగలరు" అని ఉంది. కింద వాళ్లమ్మ సలోమి సంతకం. కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగిలేంత గట్టిగా నొక్కి పెట్టింది.

జ్వరం అని ఎందుకు రాయలేదే అని ఆయన నవ్వుతూ అడిగారు. అబద్ధం రాయొద్దని అమ్మ దగ్గరుండి రాయించిందని చెప్పింది రూతు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, పిల్లని చూసుకునేది అమ్మమ్మ సువార్తమ్మ. సలోమి ఉన్న పది రోజుల్లో మొదటి తొమ్మిది రోజులూ, ఆదివారం తప్ప, పిల్లని బడికి తోలింది. దానికో కారణం ఉంది. పట్నంలో సర్కారు వసతి బడి ఒకటుంది, ఎనిమిదో తరగతిలోకి ఏటా మండలానికి ఒక్కరినే తీసుకుంటారు. మార్కులు చూస్తారు, దాంతోపాటు ఆ ఏడు ఒక్క ఎర్ర గీత కూడా ఉండకూడదంటారు. మార్కుల్లో రూతుని దాటేవాళ్లు లేరు. రోజూ బడి నుంచి వచ్చిన పిల్లని, ఆదివారం కూడా, చుట్టాల మధ్యే కాసేపు చూసుకుని, పదో రోజు మాత్రం సలోమి మనసు ఆపుకోలేక మానెయ్యమంది. అది కూడా పద్ధతిగా, చీటీ రాయించి.

ఇంత నిజాయితీ గల చీటీని ఫైల్లో పెట్టేసే ముందు ఇంట్లో చూపించాలని విశ్వపతి గారికి ముచ్చటేసింది. నీలం గీత రేపు గీస్తాలే అని రూతుని పంపేసి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం వసారాలో కాఫీ తాగుతూ భార్య శేషారత్నం చేతికి ఇచ్చారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివి, పిల్ల బంగారం అని, ఆ వెంటనే కిసుక్కున నవ్వింది.

"మన పెళ్లికి మీరు పెట్టిన సెలవు చీటీలో ఏం రాశారో గుర్తుందా?"

విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. పరీక్షల రోజులు, అప్పటి హెడ్మాస్టరు సెలవంటే మండిపడేవాడు. జ్వరమనే రాశారు. జ్వరమొచ్చిన మనిషి కారెక్కి ఊరేగుతుంటే మీ హెడ్మాస్టరే ఎదురొచ్చి అక్షింతలు వేశాడుగా అని ఆవిడ ముప్పై ఏళ్ల నాటి సంగతి మళ్లీ తవ్వింది. మీ బళ్లో జ్వరాల్లో సగం పెళ్లిళ్లేనని కూడా అంది. రెండు నెలల కింద కొబ్బరి వ్యాపారం వాళ్లింట్లో పెళ్లికి ఇద్దరూ వెళ్లారు, సాయంత్రం ఊరేగింపులో తొమ్మిదో తరగతి భవాని బ్యాండు ముందు చెమటలు కక్కేలా గంతులేసింది. పెళ్లికొడుకు దానికి సొంత మేనమామ. మర్నాడు అది తెచ్చిన చీటీలో ఏముందండీ అని అడిగింది ఆవిడ.

జ్వరం. ఆయనా పగలబడి నవ్వారు. చూసీచూడనట్టు తానే నీలం గీత గీశారు. ఆ తర్వాత వారం రోజులకి వరండాలో భవాని కనిపిస్తే, ఏమ్మా జ్వరంలో బాగానే గంతులేశావు అని ఆటపట్టించారు కూడా. ఆ పిల్ల అయోమయంగా చూసి వెళ్లిపోయింది. దొరికిపోయానని భయపడిందనుకున్నారు అప్పుడు. ఇప్పుడు ఆ మొహం గుర్తుకొస్తే అందులో భయం లేదు, ఏ గంతులని అడుగుతున్నట్టుంది. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. కాఫీ చల్లారిపోయింది.

శుక్రవారం పొద్దున్నే భవానిని గదికి పిలిపించి, ఏ గీతా గీయనని ముందే మాటిచ్చి, పెళ్లి సంగతి అడిగారు. భవాని తల దించుకుంది.

"నేను పెళ్లికెళ్లలేదండి. ఆవేళ బళ్లోనే ఉన్నానండి. సైన్సు మేడమ్ గారు అయస్కాంతం చూపించేరండి. ఇంట్లో ఫోటోల్లో మాత్రం నేనున్నానండి మేస్టారూ. నేనేనండి, నా పట్టులంగాయేనండి. మా మావయ్య ఎన్నిసార్లు చెప్పినా నాకేం తెలవట్లేదండి."

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, చీటీలో జ్వరమని రాశాను కదండీ అని ఏడ్చింది. విశ్వపతి గారు ఆ పిల్ల తల నిమిరి క్లాసుకి పంపారు.

మధ్యాహ్నానికి అహల్య వచ్చింది. ఆయన చెప్పింది విని ముందు నమ్మలేదు. ఏడు నెలల్లో అరవై నాలుగు మందికి గిన్నె పెట్టారు, అందరినీ ఆమె స్వయంగా ప్రశ్నలడిగింది. మానిన రోజు సంగతులు గుర్తున్నాయా అంటే చాలామంది లేవన్నారు. చీటీలు చూస్తే అన్నిటా జ్వరం. జ్వరపు మగతలో గడిచిన రోజు గుర్తులేకపోవడం మామూలేనని రాసుకుని ముందుకెళ్లిపోయింది. ఈ ఊళ్లో పుట్టి, ఈ బళ్లో చదివి, తనూ ఆ నమూనా చీటీ బట్టీపట్టిన మనిషే. అయినా అరవై నాలుగు జ్వరాలనీ నమ్మేసింది.

ఇద్దరూ కలిసి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, గీతల భయం లేదని చెప్పి, అడుగుతూ పోయారు. అరవై నాలుగులో ఇరవై ఏడు జ్వరాలు కావు. ఒకడు తాతతో తిరుపతి వెళ్లాడు. ఒకతె ఆ రోజు పుట్టిన తమ్ముణ్ణి ఆసుపత్రిలో మొదటిసారి ఎత్తుకుంది. ఆ సంగతులు పిల్లలకి ఇంట్లోవాళ్లు చెబితే తెలుసు గానీ లోపల లేవు. లోపల ఉన్నది బడి, బోర్డు, ఎవరిదో ఆకలి, ఎవరిదో చెప్పు కరిచిన నొప్పి.

అహల్య లాబ్ స్టూలు మీద కూలబడింది.

"మనసు ఒక తేదీకి ఒక్క రోజునే నమ్ముతుంది మేస్టారూ. గిన్నె ఇచ్చే రోజు వరసగా, గట్టిగా ఉంటుంది. దాని పక్కన అసలు రోజు కలలా పల్చబడిపోతుంది. రెండు మూడు నిద్రలయ్యేసరికి ఇక ఉండదు."

పోయిన రోజుల్ని వెనక్కి తేగలవా అంటే తల అడ్డంగా ఊపింది. కాసేపటికి తన టైఫాయిడ్ రోజుల గురించి మాట్లాడింది. ఆ నలభై మూడు రోజులూ అమ్మ మంచం పక్కనే కూర్చుని బత్తాయిలు వలిచి తొనలు నోట్లో పెట్టేది. ఒళ్లు కాలుతుంటే తడిగుడ్డ వేసి, తన చిన్నప్పటి కథలు చెప్పేది. అవన్నీ తీసేసుకుని భిన్నాలు ఇస్తామంటే తీసుకునేదాన్నా అని పదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు మేస్టారూ అంది. విశ్వపతి గారు తన క్యారేజీ విప్పి, ముందు అన్నం తినమన్నారు. తప్పు ఆమె ఒక్కదానిదీ కాదని ఆయనకి తెలుసు. ఆ నీలం గీతలన్నీ గీసింది ఆయనే.

అప్పుడు జేబులో చీటీ గుర్తొచ్చింది. రూతుకి గడువు రేపటితో ఆఖరు.

ఏ దారీ కుదరలేదు. గిన్నె ఆపమని పైకి రాసినా వాళ్లు చదివి తేల్చేసరికి నెలలు పడుతుంది, అప్పటిదాకా నిబంధన నిబంధనే. ఇక్కడ పెట్టకపోతే పిల్లని పట్నం పంపి, అక్కడి సర్కారు పరిశోధనశాలలో ఉన్న మరో గిన్నె పెట్టిస్తారు. పెట్టామని అబద్ధం రాద్దామంటే రాసేది మనిషి కాదు, పెట్టె. నీలం గీత గీస్తే సీటు ఉంటుంది, బుధవారం పోతుంది. ఎర్ర గీత గీస్తే బుధవారం ఉంటుంది, సీటు పోతుంది.

సాయంత్రం గురుశిష్యులిద్దరూ సువార్తమ్మ ఇంటికి నడిచివెళ్లారు. ముసలమ్మ కుర్చీలు తుడిచి వేసి, ఫోన్లో కూతుర్ని కలిపింది. సలోమి తెర మీద కనిపించింది, వెనక ఉతికిన బట్టల గుట్ట ఉంది. విశ్వపతి గారు ఏమీ దాచకుండా, గిన్నె సంగతీ గీతల సంగతీ విడమరిచి చెప్పారు. ఆయన పక్కన అహల్య తలెత్తలేదు.

సలోమి చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"దాని చదువు కోసమేనండి మేస్టారూ నేనీ దేశం వచ్చింది. పద్ధతిగా ఉండాలనే కదండీ చీటీ రాయించేను. జ్వరమని రాయించినా ఇదే అయ్యేదాండి?"

ఇదే అయ్యేదమ్మా అన్నారాయన. ఆవిడ తలూపింది. ఎవరేం చెబుతారా అని చూస్తున్న రూతు, అమ్మమ్మ పైట చెంగు పట్టుకుని మెల్లిగా అంది.

"ఫోన్లో అమ్మకి వాసన ఉండదండి. ఆవేళంతా అమ్మ వాసనొచ్చిందండి."

సలోమి తెర మీంచి పక్కకి తప్పుకుంది. బట్టల గుట్ట ఒక్కటే కనిపిస్తూ ఉంది. తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది.

"ఆ రోజు నాకొక్కదానికే గుర్తుంటే ఎలాగండీ? ఇద్దరికీ ఉండాలి కదండీ. కానీ దాని చదువు పాడు చేసేనని రేపు అదే నన్నంటే నేనేం చెప్పనండి. మీరే చెప్పండి మేస్టారూ, ఏం చెయ్యమంటారో."

విశ్వపతి గారు ముప్పై ఏళ్లుగా ఎవరేం చెయ్యాలో చెబుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం మాత్రం ఆ పని వాళ్లకే వదిలారు. తొమ్మిదో తరగతిలోకి ఏదైనా ఖాళీ వస్తే ఆ బడివాళ్లు పరీక్ష పెట్టి తీసుకుంటారని, వస్తుందని మాట ఇవ్వలేనని, వస్తే మాత్రం పిల్లని సిద్ధం చేసే పూచీ తనదని అన్నారు. రేపు మధ్యాహ్నం దాకా టైముందని, తల్లీకూతుళ్లు మాట్లాడుకోమని చెప్పి లేచారు. ఆ రాత్రి అహల్య మేస్టారి ఇంట్లోనే పడుకుంది.

శనివారం మొదటి గంట కొట్టకముందే రూతు హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడి ఉంది. బిగుతుగా రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. చేతిలో కొత్త చీటీ. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, నేను బుధవారం మీ అనుమతి లేకుండా బడి మానేశాను. నా పాత చీటీ తిరిగి ఇప్పించగలరు. దయచేసి నాకు అనుమతి ఇవ్వవద్దని కోరుచున్నాను. ఇట్లు తమ విధేయురాలు, రూతు."

పెద్దవాళ్ల సంతకం ఉండాల్సిన చోట సువార్తమ్మ వేలిముద్ర వేసింది. సలోమి అంత దూరం నుంచి సంతకం పెట్టలేదు కాబట్టి, అమ్మ కూడా సరేనందండి అని రూతు నోటితో చెప్పింది.

సెలవు చీటీలో అనుమతి ఇవ్వొద్దని అడిగిన మనిషిని ఆయన జీవితంలో చూడలేదు. చీటీని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పుస్తకం తెరిచి ఎర్ర కలం మూత తీసి, రూతు పేరు ముందు ఆగారు. చెయ్యి ఒకసారి ఆలోచించింది. తర్వాత నిటారుగా, వంకర లేకుండా గీత గీశారు. ఆయన గీసిన ఎర్ర గీతల్లో అంత శ్రద్ధగా గీసింది ఇంకొకటి లేదు. తెర మీద వేలు పెట్టినప్పుడు సీటుకి అర్హత లేదని చిన్న అక్షరాల్లో వచ్చింది. రూతు అది చదివింది గానీ వెనక్కి తగ్గలేదు. పాత చీటీ తీసుకుని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది.

లాబ్‌లో అహల్య గిన్నె తీగలు పీకేసి బట్టలో చుట్టింది. పైవాళ్లకి రాసిన ఉత్తరంలో తప్పు ఎక్కడ జరిగిందో మొత్తం రాసి, ప్రయోగం ఆపేయడానికి కారణం జ్వరం కాదు అని చివర ఒక వాక్యం చేర్చింది. విశ్వపతి గారు అది చదివి, ఆ వాక్యం కొట్టెయ్యమని చెప్పబోయి, ఉంచమన్నారు.

అన్నాల గంటలో వేప చెట్టు కింద బెంచీ వేసుకుని విశ్వపతి గారు కూర్చున్నారు. బుధవారం పాఠం రూతుకి చెప్పాలి కదా. అహల్య సుద్దముక్క పట్టుకుని పక్కన కూర్చుంది. మాట పాకినట్టుంది, గిన్నె పెట్టించుకున్న పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. భవాని అందరికంటే వెనక నిలబడింది. ఆయన ముందుకి పిలిచి, పెళ్లికి నేనూ వచ్చానమ్మా, నువ్వేం చేశావో నేను చూశాను అని మొదలుపెట్టి, బ్యాండు వాళ్లు వాయించిన దరువు దగ్గర్నుంచి చెప్పారు. పట్టులంగా ఎగదోపుకుని తన మేనమామ చెయ్యి పట్టుకుని లాగడం, జడలో పూలు ఊడి పడిపోవడం, ఐదో వీధి మలుపులో డోలు వాడే అలిసిపోయి ఆపమనడం. భవాని నోరు తెరుచుకుని వింది. అది గుర్తు రావడం కాదని ఆ పిల్లకీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా మళ్లీ చెప్పండి మేస్టారూ అంది, ఆయన మళ్లీ చెప్పారు.

తర్వాత రూతు వైపు తిరిగారు. అహల్య నేల మీద భిన్నం గీయబోతుంటే చేత్తో ఆపారు. క్యారేజీ పక్కన చల్లారిపోతోంది, దాని వంక చూడలేదు.

"లెక్క ఎక్కడికీ పోదు. ముందు బుధవారం ఏం జరిగిందో చెప్పు. అన్నీ చెప్పు, ఏదీ వదలకు."

రూతు ఒకసారి తన జడ రిబ్బను తడిమి చూసుకుంది.

"పొద్దున్నే అమ్మ నాకు తల దువ్విందండి" అని మొదలుపెట్టింది.